కుడితి తొట్టి పోయాక

హైదరాబాద్‌లో ఇళ్ల చెత్త ఎందుకు పెరిగిందంటే, జనం పెరిగారు, జీతాలు పెరిగాయి, కొనడం పెరిగింది అంటారు. తప్పు కాదు గాని అది సగం చరిత్రే. పాత తెలుగు ఇంట్లో చెత్తంతా ఒకే ముద్దగా ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కులు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడేవి. అది గేదె సొత్తు. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి. పేడ, ఊడ్చిన తుక్కు పెంటకుప్ప మీదికి, అక్కణ్నించి బండెక్కి పొలానికి. పాత పేపరు కిరాణా కొట్లో పొట్లమయ్యేది, చిరిగిన చీర బొంతయ్యేది. ప్రతిదానికీ ఓ పేరుండేది, దాన్ని తీసుకునే దిక్కూ ఉండేది. నగరం ఆ దిక్కుల్ని ఒక్కొక్కటిగా మూసేసింది. గ్యాస్ పొయ్యి వచ్చాక బూడిద లేదు. దాని చోట అంట్ల సబ్బు, దానికో ప్లాస్టిక్ డబ్బా. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ తర్వాత డెయిరీ పాలు ఊళ్లలోకి, పోనుపోను ప్యాకెట్లలో, వచ్చాయి. ఇంటికి రోజుకో కవరు చేరింది, కుడితి తాగే గేదె చాలా వీధుల్లో కనపడకుండా పోయింది.

ఆదాయమే అసలు కారణమనేవారి దగ్గర గట్టి లెక్కే ఉంది. ప్రపంచ జనాభాలో 16 శాతమే ఉన్న సంపన్న దేశాల వాటా చెత్తలో 34 శాతమని 2018 ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. అయితే పేద దేశాల చెత్తలో సగానికి పైగా తిండి, ఆకూ అలమేనన్నదీ ఆ నివేదికే. బీరకాయ తొక్కు జీతం పెరిగితే పుట్టింది కాదు. తినే నోరు దూరమయ్యాక చెత్తయింది. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది: ఆ పాత శుభ్రత కులం భుజాల మీద నడిచింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు, చాలక 2013లో మరొకటి చేశారు. ఇది ఒప్పుకోవాల్సిందే. కాని నగరం ఆ బరువును దించలేదు, కంటికి దూరం చేసింది. డంప్‌యార్డులో ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లు ఏ వాడల నుంచి వచ్చారో అడిగితే చాలు.

2015లో హైదరాబాద్‌లో ఇళ్లకు రెండేసి డబ్బాలు పంచారు, తడికొకటి, పొడికొకటి. పొడి చెత్తకు పాత సామాన్ల దుకాణమైనా ఉంది, తడి చెత్తను అడిగి పట్టుకెళ్లేవాడు లేడు. ఏళ్ల తరబడి అంతా కలిసి జవహర్‌నగర్ డంప్‌యార్డులో గుట్టయింది. గుట్ట మీద తర్వాత మట్టి కప్పారు. దాని అడుగు నుంచి ఊరిన నల్లనీళ్లు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేశాయి. ఆ ఊటలో చాలావరకు ఒకప్పటి కుడితే.