గుఱ్ఱపుడెక్క కథ



మన చెఱువులను, కాలువలను కప్పివైచుచున్న గుఱ్ఱపుడెక్క ఈ దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. దానిని ఏ శత్రువును మనపై ప్రయోగింపలేదు. పూవు చూచి మోహపడి తోటల యజమానులే తెచ్చుకొనిరి. లేత ఊదారంగు ఱేకులు ఆఱు. పైఱేకున నెమలికన్నువంటి పసుపు మచ్చ. కాడ బుడ్డవలె ఉబ్బి లోన గాలి నిండియుండును గనుక మొక్క నీటిపై తేలును. మన్ను వలదు, పాదు వలదు. కొలనులో విడిచిన చాలును. 19వ శతాబ్ది చివరిభాగమున ఇట్లే తోటల వెంట అమెరికా సంయుక్త రాష్ట్రములకును, మన వంగదేశమునకును చేరినది.

తల్లిమొక్క ప్రక్కకు తీగ సాచి పిల్లను పెట్టును. అనుకూలకాలమున రెండు వారములలోనే ఒకటి రెండగును. వంగదేశమున పడవలు కదలలేదు. వరదనీటిపై తేలివచ్చిన దళములు వరిచేల నణచివైచినవి. 1921లో జగదీశ చంద్ర వసువుగారి అధ్యక్షతన విచారణసంఘ మేర్పడినది. 1936లో దీనికై ప్రత్యేక శాసనమే పుట్టినది. దానశాసనములు, శిలాశాసనములు చదివిన నాకు ఒక పూలమొక్కపై శాసనము వింతగా తోచినది!

అమెరికావారి ఉపాయ మంతకంటె వింత. 1910లో లూసియానా ప్రతినిధి రాబర్టు బ్రౌసార్డు, ఆఫ్రికానుండి నీటిగుఱ్ఱములను తెచ్చి ఈ కలుపును మేపవలెనని, వాని మాంసము ప్రజల కాహారమగునని చట్టసభలో ప్రతిపాదించెను. గుఱ్ఱపుడెక్కకు నీటిగుఱ్ఱము! ఆ బిల్లు నెగ్గలేదు. మనదేశమున 1980వ దశకమున, దాని పుట్టినింటనే దానిని తిని బ్రదుకు చిన్న ముక్కుపురుగులను తెప్పించి బెంగుళూరు ప్రాంతపు చెఱువులలో విడిచిరి. నీటిగుఱ్ఱము చేయలేని పనిని ఆ పురుగు కొన్నిచోట్ల చేసినది.

ఈ కథలో నేనును నిర్దోషిని కాను. ఉపాధ్యాయుడనై యున్న దినములలో కాలువనుండి రెండు మొక్కలు తెచ్చి పెరటి కొలనులో వేసితిని. ఉబ్బిన కాడను కోసి, లోని గాలిగదులను పిల్లలకు చూపి పాఠము చెప్పితిని. వానకాలము కడచునప్పటికి కొలనులో నీరు కనబడలేదు. మిగులు మొక్కలను గంపలకెత్తించి ఊరిచెఱువు గట్టున పోయించితిని, ఎండిపోవునుగదా యని. ఆ రాత్రియే వాన కురిసినది. మఱుసటి యేట పశువులకు రేవున నీరు త్రాగ తావు దొరకలేదు. ఆ మొక్కలు ఎవరివో ఊరివారెవ్వరు నడుగలేదు; నేనును చెప్పలేదు. నేడే చెప్పుచున్నాను.

విత్తనములు బురదలో ఏండ్లతరబడి బ్రదికియుండును. ఒకమారు పెఱికిన తీరదు. వేసవిని నీరు తగ్గగానే నేనును, పూర్వశిష్యులు నలుగురును రేవున దిగి, పూత పట్టకముందే పెఱుకుచున్నాము. పెఱికినదానిని గట్టున వేయుటలేదు. దూరపు మెఱకకు మోయించి ఎండబెట్టుచున్నాము.