అవ్వ ఆముదం సీసా వయసు

పోయిన ఉగాదికి మన మంటపంలో పెట్టిన పాత సామాన్లలో ఒక గోధుమరంగు సీసా ఉండింది, జ్ఞాపకం ఉందా? "విజయనగరం పడినప్పుడు మన పెద్దలు వెంట తెచ్చినది" అని దాని ముందు అట్ట రాసి పెట్టినది మేమే. సీసా మా ఇంటిదే. మా అవ్వ అందులో ఆముదం పోసి పెట్టేది. ఆమె చెప్పినదే మేము రాసినాము. ఇప్పుడు ఆ అట్ట తీసేయమని కమిటీని మేమే అడుగుతున్నాము. ఎందుకో చెప్పాలి కదా.

పండుగ అయినాక సీసా ఇంటికి తెచ్చి, జిడ్డు పోయేదాకా కడిగి, తలకిందులు చేసి చూసినాము. అడుగున ఉబ్బెత్తు గుర్తులు కనిపించినాయి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దినాము, చిన్నప్పుడు నాణెం మీద రుద్దేవాళ్ళమే, అట్లా. అడ్డంగా సాగిన డైమండు, దానితో కలిసి ఒక సున్నా, నడుమ ఇంగ్లీషు 'ఐ' అక్షరం. ఎడమ పక్క 9. కుడి పక్క 4, దాని వెనకాల చిన్న చుక్క. ఇంకా చేతిరాత మాదిరి అక్షరాలలో 'డ్యూరాగ్లాస్' అని ఒక మాట.

ఆ గుర్తు అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీది. రెండు గాజు కంపెనీలు 1929లో కలిసి అది ఏర్పడింది. 1954 ప్రాంతంలో డైమండు తీసేసి సున్నా, 'ఐ' మాత్రం ఉంచినారు. ఎడమ అంకె ఫ్యాక్టరీది. 9 అంటే ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ట్రీటర్ ఊరు. కుడి అంకె సంవత్సరంలో చివరి అంకె. చిక్కంతా ఇక్కడే. 4 అంటే 1934 కావచ్చు, 1944 కావచ్చు, 1954 కూడా కావచ్చు. డ్యూరాగ్లాస్ పేరు వాడుకలోకి వచ్చింది 1940లో, కాబట్టి 1934 కాదు. ముప్పైల అంకెలతో కలిసిపోకుండా నలభైలలో అంకె వెనక చుక్క పెట్టసాగినారు. అంటే మనది 1944. వాగన్ల మీద పి.ఓ.హెచ్. తేదీలు చూసి చూసి అలవాటైన కళ్ళు మావి, అయినా ఆ చుక్కను మొదట మురికి అనుకొని గోటితో గీకినాము!

తల్లికోట యుద్ధం 1565లో. అట్ట మీద మేము చేసిన తప్పు 379 ఏళ్ళు.

అమెరికా సీసా అవ్వ చేతికి ఎట్లా వచ్చింది? తాత కూడా రైల్వేనే. యుద్ధకాలంలో ఆయనను బెంగాల్ వైపు డ్యూటీకి పంపినారని ఇంట్లో చెప్పుకుంటారు. 1944 మార్చి 1 నుంచి బెంగాల్-అస్సాం రైల్వేలో సుమారు 800 మైళ్ళ లైనును అమెరికా సైనికులే నడిపినారు. అక్కడినుంచి తెచ్చుకున్నదై ఉంటుందని మా ఊహ. ఊహ మాత్రమే.

ఈ సంగతి చెబితే చిన్నాయనకు కోపం వచ్చింది. "అయితే మా అమ్మ అబద్ధం చెప్పిందా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. అవ్వ అబద్ధం చెప్పలేదు. వలస వచ్చిన కథ ఆమె పెద్దల దగ్గర విన్నది, సీసా తర్వాత ఎప్పుడో ఆ కథలో చేరింది. కానీ ఆ సీసా పక్కనే మన తాటాకు కట్టలు పెట్టినాము. ఎవరో తెలిసినవాడు వచ్చి సీసా అడుగు చదివితే, ఆ తాటాకులను మాత్రం నమ్ముతాడా?

మీ ఇళ్ళలోని సీసాలు కూడా ఒకసారి తిప్పి చూడండి. అచ్చు గీత పెదవి మీదుగా దాటి పోయి ఉంటే అది సాధారణంగా మిషన్ సీసా, అంటే 1900కు ఇటుదే. గోలీ సోడా సీసాను ఇంగ్లండులో హైరమ్ కాడ్ కనిపెట్టింది 1870లలో, అంతకుముందు అది లేదు. ఏ.జి.ఐ. అని ఉంటే హైదరాబాదు ఫ్యాక్టరీది, అది మొదలైనదే 1972లో. చీటీ మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ చీటీ 1972 ఆగస్టు 15 తర్వాతిది. అడుగున ఉన్న ప్రతి అంకెనూ సంవత్సరం అనుకోవద్దు, అచ్చు నంబరు కూడా కావచ్చు.

కొత్త అట్ట రాసి కమిటీకి ఇచ్చినాము: "స్ట్రీటర్, అమెరికా, 1944. అవ్వ ఆముదం సీసా." రెండో మాట చిన్నాయన చెప్పి రాయించినది.