పేజీ కదలకుండా లోపలికి

లాగిన్ పెట్టెలో పేరు, పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కితే ఇప్పుడు తెర చెదరదు. తప్పు కొడితే పెట్టె కిందే ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వస్తుంది. ఒప్పయితే అదే పేజీలో మన పేరు కనిపిస్తుంది. ఈ సౌకర్యమూ, దానికి ఉండాల్సిన భద్రతా కలిసి పుట్టలేదు. సౌకర్యం తెచ్చినవాళ్లు వేరు, దానికి గడియలు బిగించినవాళ్లు వేరు. ఇద్దరికీ మధ్య చాలాచోట్ల పదేళ్లకు పైగా ఎడం ఉంది. ఈ చరిత్రలో మనం నేర్చుకోవాల్సిందంతా ఆ ఎడంలోనే ఉందని నా నమ్మకం.

పాస్‌వర్డ్ వెబ్ కంటే దాదాపు ముప్పయ్యేళ్లు పెద్దది. 1960ల మొదట్లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునేలా సీటీఎస్ఎస్ వ్యవస్థను కట్టి, ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఇచ్చింది. 1962లోనే అలెన్ షెర్ అనే పరిశోధకుడు, తన వాటాకు వచ్చిన సమయం చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తాన్ని ప్రింటు తీయించుకున్నాడు. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచకూడదని, వెనక్కి తిప్పలేని గణితంలో నలిపి, సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్యను కలిపి, ఫలితాన్ని మాత్రమే దాచాలని 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ అనుభవంతో రాశారు. ఆ నలుపుడు కావాలనే నెమ్మదిగా సాగాలన్నదీ వాళ్ల మాటే. కంప్యూటర్లు వేగం పుంజుకున్నకొద్దీ ఆ నెమ్మదిని పెంచుకునే వీలును 1999లో బీక్రిప్ట్ ఇచ్చింది. ఇదంతా అచ్చులో ఉండగానే, 2009 డిసెంబరులో రాక్‌యూ సంస్థ నుంచి సుమారు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ ముసుగూ లేకుండా బయటపడ్డాయి. తెలియక జరిగిన తప్పుగా దాన్ని నేను ఒప్పుకోలేను.

వెబ్ దగ్గరికొస్తే, దానికి జ్ఞాపకం లేదు. సర్వర్‌కు ప్రతి అభ్యర్థనా కొత్తదే. తొలినాటి ఏర్పాటులో బ్రౌజర్ ఒక చిన్న కిటికీ తెరిచి పేరు, పాస్‌వర్డ్ అడిగేది. వాటిని పేరుకు మాత్రమే రూపం మార్చి ప్రతి అభ్యర్థనతోనూ పంపేది. లాగౌట్ అన్నదే ఉండేది కాదు, బ్రౌజర్ మూసెయ్యాల్సిందే. ఒకరు లేచిన కుర్చీలో మరొకరు కూర్చునే ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మోంటుల్లీ కుకీని కనిపెట్టాడు. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది అది. తెచ్చిందెవరని అడగరు, టోకెన్ ఉంటే చాలు. సర్వర్ ఇచ్చిన ఆ చీటీని, అదే సైటుకు వెళ్లే ప్రతి అభ్యర్థనకూ బ్రౌజర్ తనంతట తానే జతచేస్తుంది. ఈ ‘తనంతట తానే’ అన్న ఒక్క నియమం మీదే లాగిన్ సౌఖ్యమంతా నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ప్రమాదాల్లో సగం అందులోంచే పుట్టాయి.

పేజీని కదపకుండా సర్వర్‌తో మాట్లాడే పనిముట్టు మైక్రోసాఫ్ట్‌లో తయారైంది. బ్రౌజర్‌లోనే మెయిల్ చదువుకునే అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్ కోసం అలెక్స్ హాప్‌మన్, అతని సహచరులు రాసిన ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ, 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు జనంలోకి వచ్చింది. అయిదేళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2004లో జీమెయిల్, మరుసటి ఏడు గూగుల్ మ్యాప్స్ వచ్చాకే దాని బలం తెలిసింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఆ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు. ఇక ప్రతి సైటూ తన లాగిన్‌ను అలా మార్చుకోవాలనుకుంది.

అక్కడే ఒక ముడి పడింది. రహస్య రవాణా కోసం ఎస్ఎస్ఎల్ 1995 నుంచే ఉంది. కానీ ఖర్చనీ బరువనీ చాలా సైట్లు మొదటి పేజీని మామూలు హెచ్‌టీటీపీలో ఉంచి, పాస్‌వర్డ్ పంపే మెట్టును మాత్రమే ఎస్ఎస్ఎల్‌తో నడిచే హెచ్‌టీటీపీఎస్‌లో పెట్టేవి. పాత పద్ధతిలో ఫారం ఏ చిరునామాకైనా వెళ్లగలదు కాబట్టి అది నడిచింది. అజాక్స్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ప్రోటోకాల్, హోస్టు పేరు, పోర్టు మూడూ కలిస్తేనే బ్రౌజర్ ఒకే మూలంగా లెక్కిస్తుంది, మూలం మారితే అడ్డుకుంటుంది. హెచ్‌టీటీపీ పేజీ నుంచి హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు పాస్‌వర్డ్ పంపే దారి మూసుకుపోయింది.

దీన్ని తప్పించుకోవడానికి కొందరు బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్‌తో ఎండీ5 అనే నలుపుడు లెక్క కట్టించారు. సర్వర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది, బ్రౌజర్ దాన్ని పాస్‌వర్డ్‌తో కలిపి నలిపి తిప్పి పంపుతుంది. తెలివైన ఉపాయమే, కానీ పునాది లేదు. ఆ లెక్క కట్టే స్క్రిప్టు కూడా రక్షణ లేని దారిలోనే వస్తుంది కదా! మధ్యలో కూర్చున్నవాడు దాన్నే మార్చేయగలడు. పేజీ మొత్తాన్నీ హెచ్‌టీటీపీఎస్‌లో పెట్టడం తప్ప మరో మార్గం లేదని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

మరో రెండు చిక్కులు నిశ్శబ్దంగా వచ్చాయి. ఫారం సమర్పణను చూసి పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకునే బ్రౌజర్‌కు, అజాక్స్‌లో లాగిన్ జరిగిందన్న సంగతే తెలిసేది కాదు. రెండోది ఇంకా లోతైనది. లాగిన్ కాకముందు కుకీలో ఉన్న సెషన్ సంఖ్యను లాగిన్ అయ్యాక తప్పక మార్చాలి. లేకపోతే దొంగ ముందే అంటగట్టిన సంఖ్యతోనే మనం లోపలికి వెళ్తాం, వెనకే వాడూ వస్తాడు. ఈ దాడిని 2002లోనే వివరించారు. పేజీ కదలనప్పుడు కొత్త సెషన్ మొదలైందన్న స్పృహ రాసేవాడికి సులువుగా తప్పిపోతుంది.

కుకీ దానంతటదే వెళ్తుంది కాబట్టి, వేరే సైటులోని ఒక లింకు మన తరఫున మన బ్యాంకుకు అభ్యర్థన పంపగలదు. దీనికి విరుగుడుగా ప్రతి ఫారంలో ఊహకందని ఒక రహస్య సంఖ్య పెట్టడం మొదలైంది. 2005 అక్టోబరులో సామీ కామ్‌కర్ మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లోని తన ప్రొఫైల్‌లో దాచిన స్క్రిప్టు ఆ విరుగుడునూ దాటింది. చూసినవారి బ్రౌజర్‌లోనే నడుస్తూ, ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీతో ముందు పేజీని తెప్పించి, అందులోని రహస్య సంఖ్యను ఏరుకుని, తర్వాత అభ్యర్థన పంపింది. ఇరవై గంటల లోపు పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు పాకింది. లాగిన్‌ను మెత్తగా మార్చిన పనిముట్టే ఇక్కడా పనిచేసింది. స్క్రిప్టు చదవలేని హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీ 2002 నుంచే ఉన్నా, అది ఇలాంటి దాడిని ఆపలేదు. సామీ స్క్రిప్టుకు కుకీని చదవాల్సిన పనే లేదు, బ్రౌజరే పంపిపెడుతుంది.

2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే పనిముట్టు, హెచ్‌టీటీపీఎస్ వాడకపోవడానికి మిగిలిన ఆఖరి సాకును కూడా కొట్టేసింది. కాఫీ షాపు వైఫైలో పక్కబల్ల మీదివాళ్ల కుకీలను ఒక్క నొక్కుతో ఎవరైనా వాడుకోవచ్చని అది చూపించింది. పెద్ద సైట్లు ఒక్కొక్కటిగా మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. 2015 చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్నవాళ్లకూ దారి దొరికింది. పరాయి సైటు నుంచి పుట్టిన అభ్యర్థనకు కుకీ జతచేయకుండా ఆపే సేమ్‌సైట్ నియమాన్ని 2020లో క్రోమ్ తనంతట తానే వర్తింపజేసింది. మోంటుల్లీ నియమానికి సవరణ రావడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట.

2019 మార్చిలో డబ్ల్యూ3సీ ప్రమాణమైన వెబ్‌ఆథెన్ పాస్‌వర్డ్‌నే పక్కన పెడుతుంది. రహస్య తాళం ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది, సర్వర్ దగ్గర బహిరంగ తాళం మాత్రమే. ఆ రహస్య తాళంతో చేసే సంతకం ఆ సైటు చిరునామాకే కట్టుబడి ఉండటంతో నకిలీ సైటుకు ఇచ్చినా చెల్లదు. వేలిముద్ర పెడితే చాలు, పేజీ కదలదు. ఈ సుదీర్ఘ కథలో సౌకర్యమూ భద్రతా ఒకే గీతలో కలిపి గీసిన మొదటి పని ఇదేనని నాకనిపిస్తుంది.

అయితే వేలిముద్రతో లోపలికి వెళ్లాక కూడా చాలా సైట్లు చేతిలో పెట్టేది కుకీనే. కంప్యూటర్‌లో చేరి కుకీలను ఎత్తుకుపోయే దొంగ సాఫ్ట్‌వేర్‌కు పాస్‌వర్డ్‌తో పనేముంది? కుకీని ఒకే పరికరానికి కట్టిపడేసి, మరో కంప్యూటర్ నుంచి వస్తే చెల్లకుండా చేసే పద్ధతిని 2024లో గూగుల్ ప్రకటించింది.