కావ్యమందును గ్రామమందును అస్తమయము

సూర్యాస్తమయము కవికి వర్ణనావస్తువు, పల్లెవానికి గడువు. ఈ రెండు దృష్టులు ఎచ్చట విడిపోయినవో, ఎచ్చట కలిసినవో పరిశీలించుట సారస్వత చరిత్రకును గ్రామచరిత్రకును ఉపకరించును.

ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును రచించెను. మహాకావ్యమునకు వలయు పదునెనిమిది వర్ణనలను అందు లెక్కించుచు చంద్రోదయ సూర్యోదయములను పేర్కొనెను గాని, అస్తమయమును వేరుగ చెప్పలేదు. అయినను మన ప్రబంధకవులు దానిని విడువలేదు. చంద్రుడు ఉదయింపవలెనన్న ముందు సూర్యుడు గ్రుంకవలెను గదా! లెక్కలో లేనిది అవసరమును బట్టి కావ్యమున చోటు సంపాదించినది.

పదునారవ శతాబ్దమున అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమున ఈ రెండు దృష్టులును కానవచ్చును. హిమాలయమున చిక్కిన ప్రవరుడు పొద్దు గ్రుంకకమునుపే తన్ను ఇల్లు చేర్పుమని అగ్నిదేవుని వేడుకొనెను. నిత్యకర్మములు తప్పునన్న భయమే దానికి కారణము. అతడు వెడలిపోయిన పిమ్మట వరూధినికి అదే సాయంకాలము విరహవేదన యైనది. ఒకే అస్తమయము ఒకరికి గడువు, ఒకరికి దుఃఖము. తిక్కన తెనిగించిన ద్రోణపర్వమున సైంధవవధకు అర్జునుడు పెట్టుకొన్న హద్దును అస్తమయమే.

శాసనములలో తీరు వేరు. ముదిగొండ చాళుక్యుల నాటి కొరవి శాసనము వలన కురవి పేరు తెలుగు వచన చరిత్రలో నిలిచినది. తెలుగుదేశపు దానశాసనములలో ‘ఆచంద్రార్కము’ అను మాట తరచుగ కనబడును. శిలాగ్రమున చంద్రసూర్యులను చెక్కుటయు కలదు. దానము శాశ్వతముగ నిలువవలెనని దాని భావము. శిలపై సూర్యుడు అస్తమింపడు. పొలముపై దినదినము అస్తమించును.

కురవి వంటి పల్లెలలో ‘పొద్దు గూకినది’ అన్న మాటతో లోకవ్యవహారము మారును. దీపము పెట్టిన పిదప ఇల్లు ఊడ్వరు, ఉప్పు బదులీయరు, అసురసంధ్యవేళ నిద్రింపరు. శివరాత్రినాడు వీరభద్రస్వామి సన్నిధిని పగటి ఉపవాసము జాగరణముగ మారునది ఈ వేళనే. రంజానునందు మహమ్మదీయులు ఉపవాసము విడుచునదియు ఈ వేళనే.

కూలివానికి ఈ వేళ మరింత విలువైనది. ఈ ప్రాంతమున పగటి నిడివి పుష్యమాసమున సుమారు 28 ఘడియలు, జ్యేష్ఠమున సుమారు 33 ఘడియలు. ఘడియకు 24 నిమిషముల చొప్పున భేదము రెండు గంటలగును. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గూకువరకు పని యన్నచో, ఒకే కూలికి ఎండకాలమున ఆ రెండు గంటలు అధికముగ చెమటోడ్చవలెను. వెట్టిచాకిరి నాళ్లలో ఈ గడువైనను పేదవానికి దక్కలేదు. గడీనుండి పిలుపు వచ్చినచో అర్ధరాత్రియైనను పోవలసినదే.

ఆధునిక న్యాయశాస్త్రము ఈ హద్దును కొంతవరకు నిలిపినది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 62వ సెక్షను ప్రకారము, జప్తుకై వచ్చువారు సూర్యాస్తమయమైన పిమ్మట, సూర్యోదయమునకు ముందు నివాసగృహమున ప్రవేశింపరాదు. అసాధారణ పరిస్థితులలో తప్ప స్త్రీని ఆ సమయమున అరెస్టు చేయరాదని 2005లో క్రిమినలు ప్రొసీజరు కోడును సవరించిరి. 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఆ నియమమును గైకొన్నది. దీపము పెట్టిన ఇంటికి ఒక మర్యాద గలదని పల్లెలు ఎరిగినదానినే చట్టమును అంగీకరించినది.

అస్తమయము పనికి హద్దు గీయుటచేతనే మనుష్యునకు తన కాలమంటూ కొంత మిగులుచున్నది. పగలెల్ల నాగలి పట్టినవానికి పుస్తకము పట్టుటకు వీలగునది ఆ వేళనే. కనుక పల్లెటూరి గ్రంథాలయమునకు సూర్యాస్తమయము తలుపులు మూయు వేళ కాదు, తెరచు వేళ. ఆ వేళ అచ్చట దీపమును, దాని చెంత పుస్తకమును సిద్ధముగ నుంచుట గ్రామస్థులందరి బాధ్యత.