దక్కను డిసెంబరు పూసిన క్రిస్మస్

హైదరాబాద్ చుట్టుపక్కల డిసెంబరు మూడో వారంలో రాత్రి దాదాపు 13 గంటలు ఉంటుంది. ఏడాదిలో అంతకు మించిన రాత్రి లేదు. మనల్ని దుప్పట్లలోకి నెట్టే ఈ పొడుగాటి చీకటే కొన్ని మొక్కలను పూతకు లేపుతుంది. చామంతి మొగ్గ తొడిగేది ఎండను చూసి కాదు, చీకటి ఎంతసేపు నిలిచిందో లెక్కగట్టి. కంచె వెంట ఊదారంగు డిసెంబరు పూలు గుత్తులు గుత్తులుగా విచ్చేదీ ఈ రోజుల్లోనే. ముద్దబంతి అప్పటికి కోతకు కోత ఇస్తూ ఉంటుంది. తెలుగు నేల మీద క్రిస్మస్ ఇంటి అలంకరణ ఎలా రూపుదిద్దుకుందో తెలియాలంటే చర్చి దస్తావేజుల కన్నా ముందు ఈ పూల కాలాన్ని చూడాలి. ఐరోపా నుంచి వచ్చిన పండుగ హాలీ కొమ్మల్నీ, ఐవీ తీగల్నీ, ఫర్ చెట్టునూ తలుచుకుంటూ వచ్చింది. దక్కను రాతినేలలో వాటిలో ఒక్కటీ దొరకలేదు. రెండు శతాబ్దాలుగా వాటి చోటును ఇక్కడి చేను, పెరడు, కంచె నింపుతూ వచ్చాయి. హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల, శంషాబాద్ ప్రాంతం ఆ కథకు నడిమధ్యన కాకపోయినా, దాని మలుపులన్నీ కనిపించే చోటున ఉంది.

మొదటి అధ్యాయం సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ది. 1806లో దండు నిలిచింది. 1813లో సెయింట్ జాన్స్ చర్చి లేచింది. 1847లో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి వచ్చింది. అప్పటికి ఇంగ్లండులోనే క్రిస్మస్ చెట్టు కొత్త ముచ్చట. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను లండన్ పత్రిక అచ్చువేసింది 1848లో. ఆ తరువాతే జర్మన్ ఇళ్ల ఆచారం ఇంగ్లీషు ఇళ్లకు విస్తారంగా పాకింది. కనుక మన కంటోన్మెంట్ బంగళాలు ఏనాటిదో సంప్రదాయాన్ని పోగొట్టుకుని దిగులుపడ్డాయని అనుకోనక్కర్లేదు. ఆ సంప్రదాయమూ, ఈ బంగళాలూ ఒకే ఈడువి. గుమ్మాలు అలంకరించింది మాత్రం దొరసానులు కాదు, మాలీలు. బ్రిటిష్ ఇండియా అంతటా డిసెంబరు 25 ఉదయం నౌకర్లు గేటుకు అరటి బోదెలు కట్టి, బంతిదండలు వేలాడదీసి, పళ్లూ పూలూ పేర్చిన ‘డాలీ’ బుట్టలతో దొరగారి వరండా ముందు నిలబడేవారు. దసరాకు ఏ చేతులు గుమ్మం కడతాయో ఆ చేతులే క్రిస్మస్‌కూ కట్టాయి. ఈ సంగతిని చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు గానీ, నా లెక్కలో ఇది పునాది రాయి.

కథోలికుల దారి కొంచెం వేరు. మిలాన్ సంఘపు ఇటలీ గురువులు హైదరాబాద్ విచారణను నడిపిన కాలంలో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ చర్చికి పునాది పడింది. వారి పండుగకు కేంద్రం చెట్టు కాదు, పశువుల పాక. అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో గడ్డి పరిచి, ఎద్దునూ గాడిదనూ కట్టేసి చూపించిన బాలయేసు పాక అది. ఈ ఆచారానికి దక్కనులో ఏ ప్రత్యామ్నాయమూ వెతకాల్సిన పని పడలేదు. అసలు వస్తువే మన దొడ్లో ఉంది: వరిగడ్డి, తాటాకు, ఈత మట్ట, ఎర్రమన్ను. పాక ముందు పచ్చిక కోసం పండుగకు వారం పదిరోజుల ముందే మూకుళ్లలో రాగులో గోధుమలో చల్లి మొలకెత్తించే అలవాటు దక్షిణాది కథోలిక ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పెళ్లి పాలికలకు మొలకలు పెంచిన ఇళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేని విద్య.

పండుగ బంగళా దాటి పల్లెకు వెళ్లడంతో అలంకరణ అర్థమే మారింది. 1878లో ఒంగోలు దగ్గర మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వెల్లువ తెలంగాణకూ పాకింది. నల్లగొండకు రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు, 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు వచ్చి మెన్నొనైట్ బ్రదరెన్ సంఘానికి నాంది పలికారు. ఆ సంఘం 1920లో నాగర్‌కర్నూలులో తెరిచిన బైబిలు పాఠశాల తరువాత శంషాబాద్ చేరింది. నేటికీ అక్కడే కళాశాలగా నడుస్తోంది. అంటే విమానాశ్రయం పేరు వినకముందే శంషాబాద్ తెలుగు పాస్టర్లకు బాగా తెలిసిన ఊరు. మెన్నొనైట్లు ఆరాధనలో ఆడంబరాన్ని ఒప్పుకోని జర్మన్ భాషీయులు. వారి సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ వాడలవారు, ఊరి గుడి గడప దాటే హక్కు లేనివారు. దేవుడికని వాళ్లు తెంపిన పువ్వు గర్భగుడి దాకా వెళ్లిన రోజు లేదు. అటువంటి ఇల్లు డిసెంబరులో జాజుతో అలికి, సున్నం వేసి, గుమ్మానికి మామిడాకుల తోరణమూ బంతిపూల వరుసా కట్టిందంటే అది వట్టి అందం కోసం కాదు. ప్రార్థన మందిరపు బల్ల మీద తన పెరటి చామంతిని తానే ఉంచగలగడం ఆ తరం ఆడవాళ్లకు దొరికిన కొత్త గౌరవం. తోరణమూ ముగ్గూ అన్యమతపు గుర్తులని బోధించిన బోధకులు లేకపోలేదు. తలలో పువ్వునే మాన్పించిన సంఘాలూ ఉన్నాయి. ఆ వాదాలు పుస్తకాల్లో నలుగుతుండగా ఇంట్లో అమ్మలు ముగ్గులో నక్షత్రం దిద్దారు, తోరణం తోరణంగానే ఉంచారు. వాళ్ల పేర్లు ఏ నివేదికకూ ఎక్కలేదు. ఈ కథలో మార్గదర్శకులు ఎవరని నన్ను అడిగితే నేను ముందు వాళ్లనే చెబుతాను.

పల్లె క్రిస్మస్‌కు పెద్ద గుర్తు మెదక్‌లో నిలిచింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు తిండి దొరకాలని మొదలుపెట్టిన ఆ మహామందిరం 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే, ప్రతిష్ఠ జరుపుకుంది. దాని రంగుటద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు పుట్టుకది. ఆ రోజుకు వానాకాలపు వరి కోతలు ముగిసి కల్లాలు నిండి ఉంటాయి. కొత్త ధాన్యపు కంకుల కుచ్చు వసారాలో వేలాడదీయడం తెలుగు రైతు ఇంటి పాత అలవాటు. పంట పండుగ జరుపుకునే చర్చిలకు ఆ కుచ్చు సహజంగానే చేరింది. పండుగ చెట్టు మాటకొస్తే, కోస్తాలో సరుగుడు కొమ్మ నరికి తెచ్చి నిలబెట్టేవారు. సన్నని సూదుల్లాంటి దాని ఆకు ఫర్‌కు దూరపు చుట్టంలా కనిపిస్తుంది. సరుగుడు తోపులు లేని తెలంగాణ మెట్టలో ఏదో ఒక కొమ్మకు పచ్చకాగితం చుట్టి, పైన దూది అతికించారు. మంచు చూడని ఊళ్లో మంచు కావాలంటే అప్పుడే ఏరిన పత్తి కంటే దగ్గరిది ఏముంది!

స్వాతంత్ర్యం నాటికి తెలుగు క్రైస్తవానికి స్వదేశీ చూపు స్థిరపడింది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌లో భారతీయ శిల్పరీతిలో కట్టించిన మందిరం 1939లో ప్రతిష్ఠితమైంది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన చిహ్నంలో సిలువ వెంట తామరరేకులను పెట్టుకుంది. పువ్వు మీద ఉన్న పాత అనుమానం అలా అధికారికంగా సడలింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఎదురుచూపు కాలానికి చర్చి నియమించిన రంగు ఊదా. మన పెరట్లో ఆ వారాలకే డిసెంబరు పూలు అదే రంగులో పూస్తాయి. ఎవరూ కుదర్చని ఈ పొందిక నాకు ఏ స్వదేశీ సిద్ధాంతం కన్నా ముచ్చటగా తోస్తుంది.

పరాయిది ఏది, మనది ఏది అన్న తగువు పూల దగ్గర నిలవదు. బంతి మనదంటాం, దాని పుట్టిల్లు మెక్సికో. చామంతి చైనా నుంచి వచ్చింది. ఇప్పుడు క్రిస్మస్ మొక్కగా నర్సరీల్లో ఎర్రగా మెరిసే పాయిన్‌సెట్టియాదీ బంతి పుట్టిన దేశమే. మెక్సికోలో అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ 1828లో దాన్ని తన దేశానికి పంపాడు, పేరు అతనిదే నిలిచింది. మనం పువ్వనుకునే ఎర్రరేకులు నిజానికి ఆకులు. అసలు పూలు నడుమ పసుపుపచ్చని చిన్న గుండ్లు. ఒకే దేశపు బిడ్డల్లో ఒకటి కొన్ని వందల ఏళ్ల ముందు వచ్చి బతుకమ్మలోకి ఎక్కింది. రెండోది ఆలస్యంగా వచ్చి ఇంకా ఇంగ్లీషు పేరుతోనే తిరుగుతోంది.

ఆ మొక్కను మధ్యతరగతి గుమ్మానికి చేర్చింది నర్సరీల కాలం. గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీల్లో పెరిగిన మొక్కలు లారీల మీద హైదరాబాద్ చేరసాగాయి. పాయిన్‌సెట్టియాతో పాటు తూజా, అరకేరియా కుండీలు క్రిస్మస్ చెట్లుగా అమ్ముడయ్యాయి. కుండీలో మూడడుగులు ఉన్న అరకేరియా పసిఫిక్ దీవుల్లోని తన సొంత నేలలో 50 మీటర్లు దాటుతుందని కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు! మరోవైపు మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు రైతులు చామంతి మడులకు తోడుగా పాలీహౌసులు వేసి జెర్బెరా, కార్నేషన్ పెంచారు. మొజంజాహీ మార్కెట్ పక్కన జాంబాగ్‌లో సాగిన టోకు పూల వ్యాపారం గుడిమల్కాపూర్‌కు మారింది. డిసెంబరు తెల్లవారుజామున ఆ మార్కెట్లో చామంతి బుట్ట ముందు అయ్యప్ప మాలధారి, ధనుర్మాసపు అర్చనకు వచ్చిన పూజారి, చర్చి యువజన సంఘం కుర్రాడు కలిసే బేరమాడతారు. ధర ముగ్గురికీ ఒకటే.

ఇక మన కాలం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం 5,000 ఎకరాలకు పైబడిన నేల మీద తెరుచుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. రావిర్యాల దగ్గర దిగుడుబాట పడింది. 2016లో వండర్‌లా వినోద పార్కు వచ్చాక ఆ పేరు పిల్లలందరికీ తెలిసింది. చేలు వెంచర్లయ్యాయి, పూలమడులు చేవెళ్ల, వికారాబాద్ దాకా జరిగాయి. 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ సీరో మలబార్ అనే కేరళ సంఘపు కథోలికుల కోసం శంషాబాద్ పేరిట ఒక మేత్రాసనం ఏర్పరిచారు. దాని తొలి బిషప్ రాఫెల్ తట్టిల్ 2024లో ఆ సంఘానికంతటికీ మేజర్ ఆర్చిబిషప్ అయ్యారు. కేరళ కుటుంబాల ఇళ్లముందు కాగితపు నక్షత్రాలు, వాటి కింద పాక, పక్కనే తెలుగు ఇంటి మామిడాకులు ఇప్పుడు ఒకే అపార్ట్‌మెంట్ మెట్ల మీద కనిపిస్తాయి. ప్లాస్టిక్ చెట్టు కూడా వచ్చింది. ఏటా డబ్బాలోంచి తీసి దులిపి నిలబెట్టే దాని సౌకర్యాన్ని నేను తప్పు పట్టను. కానీ దాని మొదట్లో ఇప్పటికీ జనం నిజమైన బంతిపూలే పోస్తారు.

ఈ ప్రాంతంలో పాయిన్‌సెట్టియా పెంచేవారికి మాత్రం ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. పోయిన ఏడాది ఎర్రగా కొన్న మొక్క ఈ ఏడు క్రిస్మస్‌కు పచ్చగానే ఉంటుంది. దానికి ఎరువు తక్కువై కాదు, చీకటి తక్కువై. చామంతిలాగే దానికీ పొడుగాటి, ఎడతెగని రాత్రి కావాలి. బాల్కనీ ఎదుట రాత్రంతా వీధిదీపమో రోడ్డు వెలుగో పడితే అది పగలనే అనుకుంటుంది. బెంగళూరు వైపు రైతులు చామంతి పూతను వెనక్కు నెట్టడానికి కావాలని తోటల్లో బల్బులు వెలిగిస్తారు. ఇక్కడ ఆ పని అడగకుండానే జరిగిపోతోంది. తెలిసిన ఇల్లాళ్లు దసరా ప్రాంతం నుంచే ఉపాయం పట్టారు. సాయంత్రం ఐదున్నరకు కుండీని సామాన్ల గదిలోకి చేర్చి, లేదా పైన ఫ్రిజ్ అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఏడున్నరకు మళ్లీ ఎండలో పెడతారు. ఎనిమిది పది వారాలు ఒక్కపూటా తప్పకుండా ఇది సాగాలి. అలా సాగిన ఇంట్లో డిసెంబరు రెండో వారానికి పైఆకుల అంచులు ఎరుపెక్కడం మొదలవుతుంది.