కాలేయమును తప్పిన రక్తము

కుక్కపిల్ల సరిగా ఎదుగక, మేత తిన్న కొంతసేపటికి తూలుచు, గోడకు తల ఆనించి నిలిచినచో, పశువైద్యుడు దాని కాలేయమును శంకించును. ఈ శంకకు ఆధారము రష్యాలో జరిగిన ప్రయోగములలో కలదు.

ప్రేగులనుండి వచ్చు రక్తము నిర్వాహకసిర ద్వారా కాలేయమును చేరును. 1877లో సెంట్ పీటర్స్‌బర్గునందు నికొలాయ్ ఎక్ అను వైద్యుడు ఎనిమిది కుక్కలలో ఆ సిరను కాలేయమునకు పోనీయక, గుండెకు పోవు మహాసిరతో కలిపెను. వానిలో ఒకటి మాత్రమే రెండున్నర నెలలు బ్రతికినది. తరువాత పావ్‌లోవ్, నెన్‌త్స్కీ, వారి సహచరులు అదే శస్త్రచికిత్స చేసి, కుక్కలను జాగ్రత్తగా పోషించి, 1893లో ఫలితములు ప్రకటించిరి. మాంసము తిన్న కుక్కలు తూలెను, చూపు కోల్పోయెను, మూర్ఛిల్లెను. మాంసకృత్తులనుండి పుట్టు అమ్మోనియాను కాలేయము యూరియాగా మార్చును. రక్తము దానిని తప్పించి పోయినచో ఆ అమ్మోనియా మెదడును బాధించును.

కొన్ని కుక్కపిల్లలకు ఇట్టి అడ్డదారి పుట్టుకతోనే యుండును. బలము కొరకు యజమాని ప్రేమతో పెట్టిన మాంసమే వానికి కీడగును. అట్లని మాంసకృత్తులను పూర్తిగా మాన్పింపరాదు. ఎదుగు పిల్లకు అవి అవసరము. వైద్యుడు రక్తమును పరీక్షించి, పాలవిరుగుడు వంటి ఆహారమును, లాక్టులోజు మందును నిర్ణయించును. వీలైనచో శస్త్రచికిత్సతో ఆ అడ్డదారిని మెల్లగా మూయుదురు. నాడు ఎక్ తెరచిన దారియే నేడు మూయవలసిన దారి యేదో తెలిపినది.