ఊడ్చు నీటికి ఊడిగము

ఆషాఢమున గోదావరికి ఎర్రనీరు వచ్చినదన్న మాట చెవిని పడినంతనే డెల్టా రైతు నాగలి సవరించుకొనును. ఎగువ దేశముల నేలలను, మన్యపు కొండవాలులను కడిగి తెచ్చిన ఆ నీటిలోని ఒండ్రే కోనసీమను పుట్టించినది, తూర్పు పశ్చిమ డెల్టాలను పోషించినది. ఐనను పొలమునకు వరమైన ఆ ఒండ్రే ఇసుకతో గూడి కాలువ ముఖద్వారమున పేరుకొన్నచో శాపమై, చివరి భూములకు నీరందకుండ చేయును. నదికి అడ్డముగ కట్ట వేసిన ప్రతి ఇంజనీరును ఈ పూడికతో పోరాడవలసినదే. ఆ పోరాటమున నీటిచేతనే నీటి మురికిని ఊడ్పించు ఉపాయమును మానవుడెట్లు కనిపెట్టెనో, ఆ ఉపాయము నిలుచుటకు ఎంతటి నిత్యసేవ అవసరమయ్యెనో తెలుపు చరిత్ర మన ధవళేశ్వరమున కలదు.

ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ గోదావరీ తీరమునకు రాకమునుపే కావేరి ఆయనకు ఈ పాఠము చెప్పినది. అడ్డుకట్టకు ఎగువన నీటివేగము మందగించును. వేగము తగ్గినంతనే నీరు మోసికొని వచ్చిన ఇసుక అడుగున కూర్చుండును. ఏటేట నదీగర్భము మెరకయగును. ప్రాచీనమైన కల్లణై ఆనకట్టకు 1830 ప్రాంతమున స్కవరింగ్ స్లూయిస్‌లను, అనగా అడుగు ఇసుకను దిగువకు తోయు తూములను అమర్చిరి. 1836లో కొళ్ళిడము నదిపై కాటన్ కట్టించిన ఎగువ ఆనకట్టకును అట్టి తూములే ఏర్పడినవి. ఆ అనుభవసంపదతోనే ఆయన గోదావరిని సమీపించెను.

1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట, లంకల నడుమ చీలిన నదిని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలలో నిరోధించినది. వేలాది కూలీలను సమకూర్చి పని నడిపించుటలో కాటన్‌కు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్న నామము ఈ సందర్భమున స్మరణీయము. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు మళ్ళించు మూడు తావులందును కాలువలోనికి నీరు విడుచు హెడ్ స్లూయిస్ యొకటి, పడవలకు లాకు యొకటి, వాని ప్రక్కనే స్కవరింగ్ స్లూయిస్ యొకటి నిర్మించిరి. హెడ్ స్లూయిస్ గడప ఎత్తుగను, స్కవరింగ్ స్లూయిస్ గడప పల్లముగను ఉండుటయే ఇందలి కీలకము: పైనున్న తేటనీరు కాలువలోనికి ప్రవేశించును, అడుగు ఇసుక ప్రక్కతూము ముందర పోగగును, వరద సమృద్ధిగ నున్నవేళ కాలువ తలుపులు దించి ఈ తూము తలుపులెత్తినచో, వడిగా దుమికిన నీరు ముంగిలి ఊడ్చిన చీపురువలె ఆ ఇసుకను దిగువకు ఈడ్చికొనిపోవును. అగ్గియు అక్కరలేదు, ఆవిరియు అక్కరలేదు, నదీవేగమే ఇంధనము.

అయితే తలుపు ఎత్తువేళ తెలిసికొనుట మనుష్యుని పని. రెండవ పంటయగు దాళ్వా కాలమున, ప్రతి నీటిబొట్టునకును లెక్కచెప్పవలసిన దినములలో, ఇసుక తోయుటకై నీటిని సముద్రము పాలు చేయుట సాధ్యము కాదు. వరదకాలమున ఏమరినచో పేరుకొన్న ఇసుక గట్టిపడి, దానిపై తుంగయు రెల్లును వేరూనును. పిమ్మట ఎంతటి నీటివడియు దానిని కదల్పజాలదు. తనంతట తాను శుభ్రపడునదని మనమనుకొను నిర్మాణమునకు సమయమెరిగిన చేయి యొకటి ఆవశ్యకమని ఆనాటి నుండియు తెలియుచునే యున్నది.

ఇదే సత్యము ఆనకట్ట శిఖరముపైనను రుజువైనది. 1862-67 మధ్య కట్టను రెండడుగులు హెచ్చించిరి. 1897-99లో దానిపై రెండడుగుల ఎత్తుగల స్వయంచాలక తలుపులను బిగించిరి. 1936లో వాని ఎత్తును మూడడుగులు చేసిరి. మామూలు నీటిని నిలుపుట, వరద మితిమీరినపుడు తమంతట తాము దారి యిచ్చుట వాని ధర్మము. కాని కీలు తుప్పుపట్టినను, కొట్టుకొనివచ్చిన మాను అడ్డుపడినను స్వయంచాలక మనునది పేరునకే మిగులును. కనుకనే యంత్రము ఎంత స్వతంత్రమైనదో దానిని కనిపెట్టుకొని యుండువారి బాధ్యత అంత అధికమైనది.

ఈ బాధ్యతకు ప్రత్యక్షరూపము చూడదలచినవారు వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో గట్టువెంబడి నడువవలెను. ఏడాది పొడవునా నీటిచాటున దాగిన లోపములన్నియు అప్పుడు బయటపడును: లాకు తలుపుల అడుగుపలకలు చీకిపోయిన చోట్లు, తూము గోడలలో సున్నము రాలిన సందులు, వంతెన స్తంభముల మొదట మేటవేసిన ఇసుక. మరలకు గ్రీజు పూయుట, రబ్బరు సీళ్ళు మార్చుట, పూడిక తీయుట అన్నియు జూన్ నీటి విడుదలకు ముందే ముగియవలెను. నీరు పారు కాలమున గుర్రపుడెక్క వచ్చి తూముకు అడ్డుపడినపుడు, కాలువను కనిపెట్టుకొని యుండు లస్కరు పొడుగాటి గెడతో దానిని ఒడ్డునకు లాగును. ఆ గెడపోటు ఆగిన నాడు ఆయకట్టు చివర చేను ఎండును.

శిథిలమైన పాత ఆనకట్ట స్థానమున 1970లో ఆరంభించి 1982 నాటికి పూర్తిచేసిన బ్యారేజీకి కాటన్ నామమే యుంచిరి. ధవళేశ్వరమున 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరము 39, వెరసి 175 తలుపులు విద్యుచ్ఛక్తితో కదలునవి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల మహావరద ఆ తలుపుల గుండనే సాగిపోయినది. పది లక్షల ఎకరముల పంట నేడు వానినే నమ్ముకొనియున్నది. మోటారు వచ్చినను పూడిక ధర్మము మారలేదు, దానిని తొలగించువారి ధర్మమును మారలేదు.

ఇంతటి నదికి వర్తించు సూత్రమే ఇంటి పెరటి ఈతకొలనుకును వర్తించుట విజ్ఞానశాస్త్రపు రమణీయత. బెల్జియన్ కాంగో నుండి దక్షిణాఫ్రికాకు వచ్చిన ఫెర్డినాండ్ షోవియే అను జలయంత్ర నిపుణుడు 1974లో క్రీపీ క్రాలీ అను స్వయంచాలక శోధక యంత్రమును రూపొందించెను. కొలను పంపు నీటిని పీల్చునపుడు, లోపలి కవాటము ఇటునటు కొట్టుకొనుటచే ప్రవాహము తెగుచు కలియుచు నుండును. ఆ కుదుపుతోనే యంత్రము అడుగున ప్రాకి, ఆకులను ఇసుకను గొట్టము ద్వారా వడపోతకు చేర్చును. ఇచ్చటను నీటివడియే కూలివాడు.

మన పట్టణములలోను ఇట్టి యంత్రములు ప్రవేశించుచున్నవి గావున వాని రోగలక్షణములు తెలిసికొనుట మేలు. యంత్రము కదలక నిలిచినచో, దానిని విప్పుటకు ముందు నీటిదారిని పరీక్షింపవలెను: పంపు బుట్ట ఆకులతో నిండినదా, వడపోత మూసికొన్నదా, గొట్టము అతుకుల వద్ద గాలి చొచ్చుచున్నదా? గొట్టమును నీట పూర్తిగ ముంచి, బుడగలన్నియు వెడలిన పిమ్మటనే తగిలింపవలెను. గాలి మిగిలినచో యంత్రము అడుగును విడిచి తేలును. ఒకేచోట చుట్టు తిరుగుచున్నచో గొట్టము మెలిక పడినదని గ్రహించి, ఎండలో తిన్నగ పరచి సరిచేయవలెను. యంత్రములోని రబ్బరు పొరను వెలుతురునకు అడ్డముగ పట్టి చూచినచో సన్నని చీలికయైనను కనబడును. చీలినదానిని మార్చుటయే మార్గము. విద్యుత్తుతో నడుచు రోబోలకైతే చెత్త పట్టు సంచిని పని ముగిసిన ప్రతిసారి కడుగుట, అరిగిన బ్రష్షులు మార్చుట, తీగ మెలికలు విప్పుట తప్పనిసరి. నీటి నుండి తీయుటకు ముందు విద్యుత్తును ఆపవలెను.

నదికైనను కొలనుకైనను, నీటిని శుభ్రపరచు సాధనమును శుభ్రముగ నుంచువాడే అసలు శోధకుడు. కాటన్ విగ్రహమునకు పూలమాల వేయు మనము, పూడిక తీయు కూలివానిని, గెడ పట్టిన లస్కరును అంతటి గౌరవముతో చూడవలెను. వారి ఖాళీలను నింపుమని, వేసవి పనులకు ధనము సకాలమున విడుదల చేయుమని పాలకులను అడుగవలెను. కాలువ గట్టున నివసించు పాఠకులారా, ప్లాస్టిక్ సంచియొకటి కాలువలో విసరుటకు ముందు, అది దిగువన ఏ తూము గొంతున అడ్డుపడునో ఒక్క క్షణము ఆలోచింపుడు.